ఏట్లో మునగని పిల్ల

అమ్మా, నేనూ గొంతూ బాగానే ఉన్నాం. నిన్న మధ్యాహ్నం నాక్స్‌విల్ కచేరీలో, అమ్మమ్మ నేర్పిన పాట, ప్రియుడు పిల్లని ఏట్లో ముంచి చంపేది, అది పాడాను. చివరి చరణం మార్చి, పిల్లని ఈదించి ఒడ్డెక్కించాను. ముందు వరసలోంచి ఓ ముసలాయన లేచి, "అదేంటమ్మా, మా తాతల నాటి నుంచీ ఆ పిల్ల చస్తూనే ఉంది కదా" అన్నాడు. "అందుకే విసుగెత్తింది తాతా" అన్నాను. జనం నవ్వి, మళ్ళీ పాడించుకున్నారు. నాకు కాలు నిలవడం లేదు.

శుక్రవారం నా సొంత పాటల రికార్డింగు మొదలు. ఏ కంపెనీ లేదు, అడ్డు చెప్పేవాళ్ళూ లేరు. కానీ పాట అమ్మమ్మది, ఆవిడ చరణం మార్చొద్దంటే ఆ పాట రికార్డులో ఉండదు. ఆవిడని అడిగి గురువారంలోగా ఫోను చెయ్యి. నా ఉన్ని కోటు పంపించు. తమ్ముడు వెస్లీ పన్ను పీకించుకున్నాడా?

అమ్మమ్మ సరేనంటే, ఒడ్డెక్కిన పిల్ల తిన్నగా ఎవరింటికి వెళ్తుందో కూడా ఆవిడనే చెప్పమను. ఇంకో చరణానికి చోటుంది.

అందరికీ ముద్దులతో,
ఒర్లీన్