విని అనే మాట

జూన్ 9, సోమవారం

కొత్త బ్యాచ్ వచ్చింది. నలభై రెండు మంది. ఈ నర్సింగ్ కాలేజీలో స్కిల్స్ ల్యాబ్ పంతొమ్మిదేళ్లుగా నాదే. పక్క మార్చడం, సూది వేయడం, కట్టు కట్టడం, బీపీ చూడడం, ఏదైనా సరే రోగిని ముట్టుకునే ముందు ఇక్కడ రబ్బరు బొమ్మల మీద, నా కళ్లముందు నేర్చుకోవాలి.

క్లాసు అయ్యాక ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. రెండు చెవులకీ వినికిడి మెషీన్లు. జుట్టుతో కప్పుకునే ప్రయత్నం కూడా లేదు. పైగా ఎర్రరంగువి. ఒక కాయితం నా చేతిలో పెట్టింది. నాలుగు లైన్లు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, నాకు మీ పెదాలు కనబడాలి. మాస్కు పెట్టుకుని చెప్పేదుంటే ముందే రాసివ్వండి. ఒకసారి ఒకరే మాట్లాడితే బాగుంటుంది. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను, విసుక్కోకండి. కింద థాంక్యూ, పక్కన నవ్వుతున్న బొమ్మ.

విసుక్కోవద్దని రాతపూర్వకంగా చెప్పించుకోవడం నా సర్వీసులో ఇదే మొదలు. సరే చూద్దాంలే అన్నాను. బోర్డు వైపు తిరిగి అన్నాను.

ఈ బ్యాచ్ పిల్లలు మరీ గొణుగుతున్నారు. ఒక్క మాట తిన్నగా వినబడి చావదు.

జూన్ 10, మంగళవారం

పొద్దున మా ఆయన బయల్దేరుతూ చెప్పులేవీ అని అడిగారట. కడిగి వంటింటి షెల్ఫులో బోర్లించానని చెప్పాను. పాపం, వెళ్లి చూశారు. నాకు వినిపించింది కప్పులు.

జూన్ 13, శుక్రవారం

ఇక్కడ కూడా అబద్ధం రాస్తే నిజం ఇంకెక్కడ రాయను?

బీపీ నేర్పడానికి ల్యాబ్‌లో జంట స్టెతస్కోప్ ఒకటుంది. బిళ్ల ఒకటే, గొట్టాలు రెండు జతలు. ఒక జత స్టూడెంట్ చెవుల్లో, ఇంకో జత నా చెవుల్లో. చేతికి పట్టీ బిగించి మెల్లగా గాలి వదులుతుంటే మోచేతి మడత దగ్గర టక్ టక్‌మని చప్పుడు మొదలవుతుంది. మొదలైన చోట పై అంకె, ఆగిన చోట కింది అంకె. వాళ్లు చెప్పింది నేను విన్నదానితో సరిపోతే పాస్.

రెండేళ్లుగా నాకా టక్ టక్ వినిపించడం లేదు.

డయల్‌లో ముల్లు ఊగడం చూస్తాను. స్టూడెంట్ మొహం చూస్తాను. చప్పుడు అందినవాళ్ల కనుబొమ్మలు కాస్త లేస్తాయి. ఊఁ, కరెక్ట్ అని సంతకం పెట్టేస్తాను. మొదట్లో గొట్టం పాడైందనుకుని రెండుసార్లు మార్పించాను. గొట్టాలు కొత్తవి. చెవులే పాతవి.

రిటైర్మెంటుకి ఇంకా ఆరేళ్లుంది. ల్యాబ్ లేకపోతే నేనేం చేయను? నాకు వేరే ఏ పనీ రాదు. ఇంతకంటే రాయలేను.

జూన్ 17, మంగళవారం

ప్రిన్సిపల్ మేడమ్ పిలిచారు. ఎర్ర మెషీన్ల కొత్తమ్మాయి విషయం కమిటీ ముందుకు వెళ్తోందట. ఫస్టియర్‌లో గట్టెక్కాల్సిన పనుల జాబితాలో ఇరవై మూడో లైను: స్టెతస్కోప్‌తో చప్పుడు విని రక్తపోటు నమోదు చేయగలగాలి. ఆ అమ్మాయికి ఆ చప్పుడు వినబడదు. కనుక సీటు ఇప్పుడే రద్దు చేస్తే ఆమెకీ ఏడాది వృథా కాదని మీసాల డాక్టర్ అభిప్రాయం. మా ఆసుపత్రిలో మెడిసిన్ వార్డులన్నిటికీ పెద్ద ఆయనే. మీసం ఎంత ఒత్తుగా ఉంటుందో కమిటీలో మాట అంత బరువు. ల్యాబ్ తరఫున నా అభిప్రాయం జూలై ఒకటిన చెప్పాలి.

నిజానికి ఆ జాబితా రాసింది నేనే. పదకొండేళ్ల కిందట, ఒక ఆదివారం కూర్చుని. విని అన్న ఆ ఒక్క మాట నా కలంలోంచి వచ్చిందే.

జూన్ 20, శుక్రవారం

కొత్తమ్మాయి తన పద్ధతి చూపిస్తానంటే సరే అన్నాను. ఆమె దగ్గర ఒక రకం స్టెతస్కోప్ ఉంది. గొట్టాలుండవు, బిళ్ల ఒక్కటే. ఫోన్‌కి కలుపుతుంది. బిళ్లకి ఏ చప్పుడు తగిలినా ఫోన్ తెర మీద గీత ఎగిరి పడుతుంది. ఫోన్‌ని బీపీ డయల్ పక్కనే రబ్బర్‌బ్యాండుతో కట్టేసుకుంది, ముల్లూ గీతా ఒకే చూపులో పడేలా. నా చేతికే పట్టీ బిగించింది. గాలి వదులుతుంటే చదునుగా పాకుతున్న గీత ఉన్నట్టుండి కుప్పించి ఎగిరింది. మళ్లీ. మళ్లీ. నూట ముప్పై నాలుగు, ఎనభై ఆరు అంది.

రెండేళ్ల తర్వాత ఆ చప్పుడు మళ్లీ కలిసింది. ఈసారి కంటికి. నోరు వెళ్లబెట్టుకుని చూస్తూ ఉండిపోయాను కాబోలు. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. మెల్లగా అడిగింది.

"మేడమ్, మీరూ పెదాలే చూస్తారు కదా?"

నేను గయ్యిమన్నాను. పెద్దవాళ్లతో మాట్లాడే తీరు ఇదేనా అని, ఇంకా ఏవేవో. నా నోరు ఆమెకి బాగా కనబడి ఉంటుంది.

జూన్ 21, శనివారం

ఎవరితోనైనా అనేసిందా? అనలేదనుకుంటా. అనదనే నమ్మకం. ఆ నమ్మకమే ఇంకా సిగ్గుగా ఉంది.

జూన్ 24, మంగళవారం. మధ్యాహ్నం

రాస్తే గాని కుదురు రాదు.

పొద్దున పిల్లల్ని మొదటిసారి వార్డుకి తీసుకెళ్లాను. పన్నెండో మంచం మీద ఒక టైలరు తాతగారు. బీపీ ఎక్కువని చేరారు. ఎనిమిదింటి మాత్ర ఇచ్చే ముందు బీపీ చూడాలి, వంద దాటితేనే ఇవ్వాలని చార్టులో ఉంది. లేచి కూర్చుంటే గది గిరగిరా తిరుగుతోంది తల్లీ అన్నారు తాతగారు. నేను కొత్తమ్మాయిని చూడమన్నాను. ఆమె చూసి తొంభై రెండు అంది. ఎందుకైనా మంచిదని మామూలు స్టెతస్కోప్ పెట్టుకుని నేనూ చూశాను. ముల్లు నూట పద్నాలుగు దగ్గర ఊగింది.

"నూట పద్నాలుగు," అన్నాను అందరి ముందూ. మాత్ర నా చేతిలోనే ఉంది.

మిగతా పిల్లలు బల్లుల్లా గోడకి అంటుకుపోయారు. కొత్తమ్మాయి మాత్రం వెనక్కి తగ్గలేదు. నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అంది. అంత మెల్లగా అంటే నాకెలా వినిపిస్తుంది? పెదాలు చూశాను.

"మేడమ్, సిస్టర్‌ని ఇంకోసారి చూడమందాం. ప్లీజ్."

చప్పుడు కంటే ముందే ముల్లు ఊగడం మొదలుపెడుతుందని ఏటా పాఠం చెప్పేది నేనే. ముల్లుని నమ్మొద్దని కూడా నేనే చెబుతాను. మాత్ర తిరిగి గిన్నెలో వేశాను. వార్డు సిస్టర్ వచ్చి చూసింది. తొంభై. మాత్ర ఆపి డాక్టర్‌కి ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి తాతగారు తేరుకుని, ఆ ఎర్ర మెషీన్ల పిల్ల ఏప్రన్ కుట్టు బాగాలేదు, విప్పి మళ్లీ కుడతానని గొడవ.

ఆ మాత్ర మింగించి ఉంటే, ఆయన బాత్రూముకని లేచి ఉంటే. అంతవరకు ఊహించి ఆపేస్తున్నాను.

అదే రోజు. సాయంత్రం ఆరు

మా ఆయనకి చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆయన ఆశ్చర్యపడితే ఎలా ఓదార్చాలా అని కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆయనేమో టీ తాగుతూ, తెలుసు కదా అన్నారు.

రెండేళ్లుగా తెలుసట. నువ్వే చెబుతావని ఊరుకున్నానన్నారు. ఈలోగా అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. పై వాటా ఆవిడ ఒకరోజు మెట్ల మీద ఆయన్ని ఆపి, ఎంత భార్య అయితే మాత్రం రోజూ అలా కేకలేయడం మర్యాదేనా అని నిలదీసిందట. ఈయన తలవంచుకుని, తగ్గించుకుంటానండీ అని వచ్చేశారట.

ఏడుపు మధ్యలో నవ్వొస్తే ఎక్కిళ్లు పడతాయి.

జూన్ 27, శుక్రవారం

చెవుల పరీక్ష. గాజుగదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను పరీక్ష చేసే అమ్మాయి భుజం కదలిక చూసి నొక్కుతున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి గ్రహించి, నా కుర్చీని గోడ వైపు తిప్పింది. అరవై చప్పుళ్లలో పద్దెనిమిది దొరికాయి. రెండు చెవులకీ మెషీన్లు కావాలంది. రంగు ఏది అని అడిగింది. ఒంటిరంగులో కలిసిపోయేవి చూపించింది. కాస్త ఆలోచించాను. నీలం అన్నాను.

జూలై 1, మంగళవారం

ఇది వివరంగా రాయాలి.

కమిటీలో ముగ్గురు. ప్రిన్సిపల్ మేడమ్, మీసాల డాక్టర్, ఆఫీసు నుంచి ఒకాయన. మేమిద్దరం ఎదురుగా. కొత్తమ్మాయి తన పద్ధతి చూపించింది. మీసాల డాక్టర్‌ది న్యాయమైన ప్రశ్నే. ప్రాణం మీదకి వచ్చిన వేళ ఆ ఫోన్‌లో బ్యాటరీ అయిపోతే?

ఇంకోటి జేబులో ఉంటుంది సార్, అదీ అయిపోతే పక్కవాళ్లని పిలుస్తాను అంది. ఆయన తల అడ్డంగా ఊపి నా వైపు చూశారు. ల్యాబ్ ఏమంటుంది?

రాసుకెళ్లిన కాయితం తీయలేదు.

"సార్, తన బ్యాటరీ ఎప్పుడు అయిపోయిందో ఈ అమ్మాయికి తెలుస్తుంది. నా చెవుల్లో బ్యాటరీ అయిపోయి రెండేళ్లయింది. మీలో ఎవరికీ తెలియలేదు."

తర్వాత అంతా చెప్పాను. జంట స్టెతస్కోప్, కనుబొమ్మలు, సంతకాలు, పన్నెండో మంచం, నా నూట పద్నాలుగు, ఆ పిల్ల తొంభై రెండు. విని అన్న మాట తప్పని, అది రాసిన మనిషిగా చెబుతున్నానని అన్నాను. మనకి కావాల్సింది సరైన అంకె. చెవితో పట్టుకుందా కంటితో పట్టుకుందా అన్నది రోగికి అక్కర్లేదు.

ప్రిన్సిపల్ మేడమ్ మొహం ఎర్రబడింది. మీరిద్దరూ బయట కూర్చోండి అన్నారు.

వరండాలో బెంచీ. తలుపు మూసేశారు, కానీ పై సగం అద్దం. నేను తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాను. కొత్తమ్మాయి మాత్రం మెడ సాచి అద్దంలోంచి లోపలికి చూస్తోంది. పద్ధతి కాదు, ఇటు తిరుగు అన్నాను. పెదాలు కనబడుతున్నాయి మేడమ్, నేనేం చేయను అంది. రెండు నిమిషాలు బిగబట్టుకున్నాను.

"ఏమంటున్నారు?"

"ప్రిన్సిపల్ మేడమ్ మీ గురించి అంటున్నారు. కోపంగా. రెండేళ్లు... రెండు బ్యాచ్‌లు... మళ్లీ పరీక్ష పెట్టాలి అని."

"పెట్టాల్సిందే. ఇంకా?"

"ఆఫీసు సార్ ఆవలించారు."

"పెద్దాయన?"

"ఆయన చాలాసేపటి నుంచి మాట్లాడుతున్నారు మేడమ్. కానీ ఒక్క ముక్క తెలియడం లేదు. మీసం అడ్డం."

ఇద్దరం నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వాం. ఆమెది సీటు, నాది ఉద్యోగం, రెండూ ఆ మీసం వెనక చిక్కుకున్నాయి. అంతటి నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నవ్వు ఆగాక, ఆ రోజు అరిచినందుకు క్షమించమ్మా అన్నాను. బాగా అరిచారు మేడమ్, ప్రతి అక్షరం స్పష్టంగా అర్థమైంది అంది.

నలభై నిమిషాలకి పిలిచారు. ఇరవై మూడో లైనులో విని తీసేసి గుర్తించి అని రాస్తారట. ఆ మాట సూచించింది మీసాల డాక్టరే. అమ్మాయి చదువుకోవచ్చు. నేను సంతకం పెట్టిన రెండు బ్యాచ్‌ల వాళ్లకీ బీపీ పరీక్ష మళ్లీ జరుగుతుంది. ఎందుకో నేనే వాళ్లకి రాయాలి. మెషీన్లు వచ్చి, నా చెవులకి పరీక్ష పెట్టి సరే అనేవరకు బీపీలో మార్కులు వేయకూడదు. ల్యాబ్ మాత్రం నాదే. ప్రిన్సిపల్ మేడమ్ కోపం తగ్గలేదు. ముందే చెప్పి ఉంటే సాయానికి ఇంకో మనిషిని పెట్టేదాన్ని కదా అన్నారు.

జూలై 2, బుధవారం

ఎనభై ఒక్క ఉత్తరాలు. తప్పు నాది అన్న లైను ప్రతిదాన్లో చేత్తో రాశాను. నలభై దాటాక అక్షరాలు కూడా అలవాటుపడ్డాయి.

జూలై 12, శనివారం

మళ్లీ పరీక్ష అయింది. తిడతారనుకున్నాను. ఇద్దరు తిట్టారు, పడ్డాను. మిగతావాళ్లు నా చెవుల గురించే అడిగారు. ఒకడు మాత్రం, మేడమ్, ఆ రోజు నాకూ ఏమీ వినిపించలేదు, మీ కనుబొమ్మలు చూసి అంకె చెప్పాను అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నామన్నమాట.

ముగ్గురు తప్పారు, వాడితో సహా. సోమవారం నుంచి సాయంత్రం ఒక గంట వాళ్లకి నేర్పుతాను. నా పక్కన కొత్తమ్మాయి ఫోన్ పట్టుకుని నిలబడుతుంది. ఆమె మార్కులు వేయదు. గీత ఎగిరిందో లేదో చెబుతుంది, అంతే.

జూలై 16, బుధవారం

నీలం మెషీన్లు వచ్చాయి. పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి తల వాచిపోయింది. కాయితం తిప్పితే చప్పుడు. చీర కుచ్చిళ్లకి చప్పుడు. ఫ్రిజ్ ఇన్నాళ్లూ తనలో తాను మాట్లాడుకుంటోంది.

మా ఆయన ఎప్పటిలాగే టీ అంటూ కేకేశారు. గదిలో వస్తువులు అదిరాయి. మెల్లగా చెప్పండి అన్నాను. ఆయన గొంతు తగ్గించి, మళ్లీ టీ అన్నారు. ఎంత మంచి గొంతు! పెళ్లినాటి గొంతు. ఇంకోసారి అనమన్నాను. నాలుగుసార్లు అనిపించుకుని అప్పుడు పెట్టాను టీ.

జూలై 21, సోమవారం

క్లాసులో వెనక బెంచీ నుంచి నా మారుపేరు వినబడింది. చాలా ఏళ్లుగా ఉందట. కొత్తమ్మాయి మొదటి రోజే పెదాల మీద చదివేసిందట.

బాగుంది. ఇక్కడ రాయను.