చివరి స్టూలు మీది టోపీ

నాష్‌విల్, ఫిబ్రవరి 1960

అమ్మమ్మా, నీ వర్డెల్ ఇక్కడ క్షేమం.

మేం కాలేజీ పిల్లలం రోజూ ఆదివారపు బట్టలు కట్టుకుని తెల్లవాళ్ల కొట్లో కాఫీ బల్ల ముందు కూర్చుంటున్నాం. నల్లవాళ్లకి అక్కడ సరుకులు అమ్ముతారు, కాఫీ మాత్రం పొయ్యరు. పోసేదాకా లేవం. ఎవరేమన్నా చెయ్యెత్తకూడదు. లెనోర్ అనే తెల్లపిల్ల కూడా మాతో కూర్చుంటోంది. చివరి స్టూలు మీదికి చెర్రీపళ్ల టోపీ పెట్టుకుని ఓ పెద్దావిడ వస్తోంది. వడ్డించే మనిషి ఆవిడ వంక చూడనే చూడదు. మా వంక మాత్రం చూస్తుందా!

నీ వర్డెల్

తా.క. ఆవిడ దగ్గర నీ ట్రంకుపెట్టె వాసన.

*

వర్డెల్‌కి అమ్మమ్మ దీవెనలు, చీవాట్లు.

జైల్లో వేస్తే నీ చదువేం కాను? వెంటనే ఇంటికొచ్చెయ్. ఆ టోపీ మనిషి మన పక్కింటి ఓజెల్లానే. ఊళ్లో అంత షోకు ఇంకెవరికి? చర్చి మెట్ల మీదే దాన్ని కడిగేశాను. "మోకాళ్లు పట్టేసి మంచం దిగడమే కష్టంగా ఉంటే, బస్సెక్కానా నేను?" అని ఏడ్చింది. నటన!

మీ అమ్మమ్మ

తా.క. అది పంపిన చిలగడదుంప కేకు తిప్పి పంపేశాను. సగమే తిన్నాను.

*

అమ్మమ్మా,

పాపం ఓజెల్లమ్మనేం అనకు. ఓజెల్లమ్మ బొద్దుమనిషి, ఈవిడ బక్కపలచన. నిన్న లెనోర్‌కి కాఫీ పోశారు, తెల్లపిల్ల కదా. తను తాగకుండా మావైపు జరిపింది. కప్పు చేతులు మారి చివరి స్టూలు దాకా వెళ్లింది. తిరిగొచ్చిన కప్పు నిండుగానే ఉంది, కానీ ఐసుగడ్డ! ఆవిడ స్టూలు లాగబోయిన రౌడీ గిరుక్కున తిరిగి బయటికెళ్లిపోయాడు. రేపోమాపో మమ్మల్ని అరెస్టు చేస్తారట. భయంగానే ఉంది. అయినా ఇంటికి రాను.

వర్డెల్

తా.క. టోపీలో ఒక చెర్రీ లేదు. ఆ చోట నీలం గుండీ కుట్టి ఉంది.

*

నా తల్లీ,

ఆ గుండీ కుట్టింది నేనే. చెర్రీని మా కుక్క మింగేసింది. ఆ టోపీ మా అక్క లూడీది. ఏళ్లతరబడి ఆ కొట్లోనే ఆ స్టూళ్ల కింద నేల తుడిచింది, ఒక్కనాడూ పైన కూర్చోనివ్వలేదు. నువ్వు పుట్టకముందే పోయింది. టోపీతోనే పూడ్చాం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత బావురుమన్నాను. నువ్వు ఇంటికి రావద్దు. జైలుకైనా వెళ్లు. ఓజెల్లాని బతిమాలుకున్నాను, ఇద్దరం శుక్రవారం బస్సుకి వస్తున్నాం. అక్క పక్క స్టూలు నాకు పట్టి ఉంచమను.

మీ అమ్మమ్మ

తా.క. ఆ తెల్లపిల్ల మంచిదే, కానీ అక్క ఒకరికి పోసిన కాఫీ తాగదు. తనకంటూ ఆ కొట్టువాళ్లే పొయ్యాలి. అందుకే కప్పు తిప్పి పంపింది. దాని పంతం నాకు తెలీదూ!