తిరగేసిన చైను

జూన్ 4

నిన్నటి పేజీలో ‘పెట్రోలు రంపం మిషన్ బాగుపడింది’ అని ఉంది. తప్పు. కొట్టేశాను. ఇరవై సెకన్లు ఆడి ఆగిపోవడాన్ని బాగుపడటం అనరు. ముప్పై ఏళ్లు పిల్లల ఫిజిక్స్ పేపర్లు దిద్దినదాన్ని, ఇప్పుడు నా రాత నేనే దిద్దుకుంటున్నాను.

మళ్లీ తాడు లాగాను. ఆడింది. ఆగింది. కుర్చీలోంచి ఆయన — ‘కాదు.’

పక్షవాతం వచ్చి మూడు నెలలు. ఆయన దగ్గర మిగిలిన మాట అదొక్కటే. కాఫీ తెస్తే కాదు. దుప్పటి కప్పితే కాదు. ప్లాంటులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లోనూ ఇంటికొచ్చి నాతో ఇంతకంటే ఎక్కువ మాట్లాడింది లేదులే.

జూన్ 5

ఫిజియోథెరపీ అమ్మాయి సలహా ఇది — తెలిసిన పని కళ్లముందు పెట్టండి, మాట దాని వెంట రావొచ్చు. రావొచ్చు అంది. వస్తుంది అనలేదు.

అందుకే మిషన్ అటక దిగింది. తుపానుకి వీధంతా చెట్లు పడిపోయినప్పుడు కొన్నది. మూడు రోజులు ఆయనే కోసి దారి చేశారు. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, శబ్దాన్ని బట్టి జబ్బు చెప్పే మనిషి. దీని లోపం ఆయనకు తెలిసే ఉంటుంది. దాని పేరు నోట్లోంచి వస్తే చాలు. మిషన్ ఏమైపోతే నాకేం...

జూన్ 7

ప్లగ్గు గీకాను. కాదు. ఎయిర్ ఫిల్టర్ కడిగాను. కాదు. కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించాను. ఒక స్ప్రింగు మిగిలిపోయింది. కాదు, కాదు. మళ్లీ విప్పాను.

జూన్ 8

చైను తిరగేసి ఎక్కించాను, పళ్లు వెనక్కి ఉండేలా. చూసుకోలేదు. ఆయన ఎడమచేత్తో కుర్చీ మీద కొట్టి — ‘కాదు కాదు కాదు.’ ముఖం ఎర్రబడిపోయింది. దాదాపు లేచినంత పని చేశారు.

తిప్పి సరిగ్గా వేశాను. ఈ మూడు నెలల్లో ఇంత మంచి రోజు లేదు.

జూన్ 11

జాలరిపేట నుంచి ఎల్లమ్మ. చేపల తట్ట వరండాలో దించి, నా అవస్థ కాసేపు చూసింది.

‘ఏటి టీచరమ్మా, మా ఇంటోడి పడవింజనూ ఇలగే సస్తాది. ట్యాంకు మూతొదులు సెయ్యి. గాలాడకపోతే పెట్రోలెలగ దిగుతాది?’

నూనె డబ్బా. ఒక చిల్లు పెడితే కారదు, గాలికి రెండోది పెడితే కారుతుంది. ఏటేటా తొమ్మిదో తరగతికి చేసి చూపించాను. నాకు తట్టడానికి వారం చాలలేదు. సిగ్గుతో వంజరం చేప బేరమాడకుండా కొన్నాను.

మూత వదులు చేశాను. నాలుగు నిమిషాలు ఆడింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. పెదాలు కదిలాయి — ఏదో మాటకి, ‘కాదు’ కాని మాటకి.

మిషన్ ఆగింది. పెదాలూ ఆగాయి.

జూన్ 12

మూతలో గాలి చిల్లు పిన్నీసుతో పొడిచాను. మూడు నిమిషాలు. ఆ తర్వాత ఒకటి. వేడెక్కాక ఇక అంటుకోదు.

జూన్ 14

దువ్వాడ నుంచి మెకానిక్ సూరిని పిలిపించాను. రెండుసార్లు తాడు లాగి, సైలెన్సర్ విప్పి, లోపలికి టార్చి వేశాడు.

‘పిస్టనంతా గీసుకుపోనాది మామ్మా. పార్టులు దొరకవిప్పుడు, నానేటి సేత్తాను? తూకానికేసీ.’

ఆయన ఎదుటే అన్నాడు. గుసగుసగా అన్నా ఆ చెవులకు వినబడకపోదు.

సూరి వెళ్లాక అడిగాను, పాత ఇనుముకి ఇచ్చేద్దామా అని. మామూలుగా ఏం అంటారో నాకు తెలుసు కదా. ఆ ధైర్యంతోనే అడిగాను.

ఏమీ అనలేదు.

జూన్ 15

కాఫీ తెచ్చాను. తాగారు. దుప్పటి కప్పాను. కప్పించుకున్నారు.

‘తాతగారు ఇవాళ ఎంత బుద్ధిగా ఉన్నారో’ అని మురిసిపోయింది ఫిజియోథెరపీ అమ్మాయి. చెప్పులు చూపించి గుమ్మం దాటిద్దామనిపించింది.

జూన్ 16

మాట లేదు.

జూన్ 17

పొద్దున ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చైను విప్పాను. మళ్లీ తిరగేసి ఎక్కించాను. ఈసారి కావాలనే. నెమ్మదిగా... క్లాసులో బోర్డు మీద కావాలని తప్పు లెక్క వేసి, ఎవరో ఒకరు లేచి చెబుతారని చూసేదాన్ని, అలా.

చూశారు. చైను వైపే చూశారు. ఆ తర్వాత కిటికీ వైపు.

బిగించేశాను. అలాగే వదిలేశాను.

రేపు ఎల్లమ్మ వస్తుంది. ఫోన్ చేసి చెప్పాలి — మన మిషన్‌లో పోయడానికి, వాళ్లాయన పడవకి పెట్రోల్లో కలిపే ఆయిల్ ఒక చిన్న సీసాలో తేవాలి, మూత గట్టిగా బిగించి. చేపల మీద ఒలికితే ఆ పూట కూర ఉండదు. తట్ట అటు పక్కన దించాలి. చైను తిరగబడి ఉందని ఎల్లమ్మకి ఇట్టే తెలిసిపోతుంది. నోరెత్తకూడదు. మిషన్ ఆయన కుర్చీ ఎదురుగానే ఉండాలి, ఉన్నది ఉన్నట్టు.