'అండీ' రాని మరమనిషి

అక్కా, నేను బాగానే ఉన్నాను, ఒళ్ళు మండడం తప్ప. మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే అమిహాన్ అనే ఆవిడ, చిన్నపిల్లల కోసం రాసిన సైన్సు నవలకి పతకం వచ్చింది. బైండింగు నాదే కనుక మొత్తం చదివాను. అందులో మన సెబూ నుంచి మనీలా వచ్చిన మరమనిషి, మన సెబూ భాషలో ఇక్కడి మనీలా వాళ్ళకున్నట్టు 'అండీ' లేదు కదా, ఎవరినీ అండీ అనక రోజూ తిట్లు తింటాడు.

"ఏయ్, వాడు నేనే కదా?" అని ఆవిడని నిలదీశాను.

"నువ్వే మరి! రెండేళ్ళు తిట్లు తిన్నావు గానీ ఒక్క ముక్క రాశావా?" అంది.

పుస్తకం బాగుండడమే నాకు అసలు కడుపుమంట. మన ఇంట్లో బియ్యం డబ్బా వెనక నా పాత కథల నోటుబుక్కుంది, వెంటనే పంపు, ఇక్కడ కథల పోటీ గడువు నెలాఖరే. అమ్మకి దగ్గు తగ్గిందా? బావకి దండాలు. పిల్లలకి ఆ నవల పంపుతున్నాను. అట్ట మాత్రం వెయ్యలేదు, దాని మీద ఆవిడ పేరుంది.

నీ తమ్ముడు,
జున్‌రెల్