గాజుల అంగడి సీను ఉండనీ

నాయనా సుధాకరా,

నేను కన్నియమ్మాళ్‌ని. వయసు డెబ్బై ఆరు. ముత్తియాల్‌పేటలో గాజుల అంగడి వెనక ఇంట్లో కొడుకు మునుస్వామి, కోడలు సుగంధితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. యానాం నుంచి బదిలీ మీద వచ్చి మా మేడమీద అద్దెకున్న టీచరమ్మ ప్రియ నేను చెప్పింది చెప్పినట్టు రాస్తోంది.

విడుదలకు ముందే నీ సినిమా మాకు వేసి చూపించావు. మరునాడే మా మరిది కొడుకు కుప్పుస్వామి ఒక కాగితం తెచ్చాడు. "పెద్దమ్మా, ఈడ వేలిముద్ర పెట్టు. మొగుడు పోయినామె పెళ్లికూతురికి గాజులు తొడిగే సీను తీసెయ్యమని రాసినాము. మన ఇంటి మానం ఏం గావాల?"

"అప్పుడు యాడ పోయింది రా ఆ మానం? మీ పెదనాయన పోయినాక చంకలో బిడ్డతో నేను అంగడి తెరిస్తే మీ నాయన వాకిట్లో ఉమ్మేసి పోయినాడే!" అన్నాను.

నేను వద్దంటే ఆ సీను తీసేస్తానని మునుస్వామికి ఫోనులో చెప్పావట. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా కోపం విను. నాటకాలు రాసే రోజుల నుంచీ, రాసిందల్లా మా అంగడి అరుగు మీద కూర్చొని నాకు చదివేవాడివి. నేను గాజులు సర్దడం ఆపి విన్నది ఉంచేవాడివి, సర్దుతూ విన్నది కొట్టేసేవాడివి. చెన్నైలో వేరేవాళ్ల సినిమాలకు రాసేటప్పుడు కూడా ఫోనులో వినిపించావు. నువ్వే డైరెక్టరువై తీసిన మొదటి సినిమాలో ఈ ఒక్క సీను దాచావు. వినిపిస్తే వద్దంటానని భయం. నిజమే, అనేదాన్నే. అయినా మనసు నొచ్చుకుంది.

నా వేషం కట్టిన పిల్ల మరీ మెల్లగా మాట్లాడింది. నేను అట్లా మాట్లాడి ఉంటే ఒక్క గాజు అమ్ముడుపోయేది కాదు!

కానీ ఎవరూ గాజులకు రాక ఆ పిల్ల అంగడిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు సుగంధి నా చెయ్యి పట్టుకొని, "అత్తా, ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలా?" అని ఏడ్చింది. ఇన్నేళ్లూ నా నోట రానిది నువ్వు చెప్పావు. చల్లగా ఉండు నాయనా.

ఒక్కటి మాత్రం నీకు తెలియక తప్పుగా తీశావు. నా ముందు మొదట చెయ్యి చాపింది పెళ్లికూతురు కాదు. సీమంతం గాజులకు వచ్చిన గర్భిణి. పక్క ఆడవాళ్లు వద్దు వద్దంటుంటే, "కన్నియక్కే తొడగాల" అని రెండు చేతులూ ముందుకు పెట్టింది. ఆమె మీ అమ్మ కుప్పమ్మాళ్. కడుపులో ఉన్నది నువ్వు. నీకు చిన్న జ్వరం వచ్చినా నా చెయ్యే కారణమంటారని మేమిద్దరం ఆ మాట బయటపెట్టలేదు. మీ అమ్మ చెప్పకుండానే పోయింది.

ఇప్పుడెవరు ఏమన్నా అననీ. కుప్పుస్వామి అడిగిన వేలిముద్ర ఈ కాగితం మీద వేస్తున్నాను. సీను ఉండనీ.

నీ కన్నియత్త
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: కోడలు సుగంధి, టీచరమ్మ ప్రియ