రియాక్టర్ గొట్టంలోని చుక్కలు

అక్కా,

నువ్వు పరీక్షించిన జిర్కోనియం గొట్టాల ఫొటోలు ఇవాళ నీ ల్యాబ్ నుంచి మా పెద్దపల్లి బడికొచ్చిన మేడమ్ చూపించింది. లోహం నిండా సన్నటి చుక్కలు, అందులో కలిపిన వేరే లోహాల రేణువులట. రియాక్టర్‌లో న్యూట్రాన్లు తగిలీ తగిలీ వాటిలో పరమాణువుల వరస చెదురుతుందట. కరిగేంత వేడి లేకుండానే చుక్కలు లోహంలో కలిసిపోతాయట. పైకి గొట్టం అలాగే ఉంటుందట!

ఇంటికొస్తే, నువ్వు చనిపోయాక మొదటిసారి అవ్వ నువ్వులు కలిపిన బియ్యప్పిండితో సకినాలు చుడుతోంది. జ్వరంతో పోయిన నిన్ను ఆ ల్యాబ్ కొలువే మింగిందంటుంది. అందుకే ఆ చుక్కల సంగతి భయపడుతూనే చెప్పాను.

"పిండిల నువ్వులు పిండిలనే కరిగినట్టు అవ్వా."

"నువ్వులు కరుగుతయా, పిచ్చిపోరి! మీ అక్క చూసిందా దాన్ని?"

"చూసింది. నేను గూడ గదే చదువుత."

ఇన్నాళ్లూ దాచిన మాట జారిపోయింది. అవ్వ చెయ్యి ఆగింది. పిండి గిన్నె నా ముందుకు జరిపింది.

"చదువుదువు గని, గా భయం ఇడిసి ముందు గీ సకినం సక్కగ చుట్టు."