జీపు వెనక సీట్లు

తమ్ముడూ,

ఒకరోజు పొద్దున నేను తులసికి నీళ్లు పోస్తుంటే, నువ్వు చాయ్ కూడా తాగకుండా జీపు వెనక ఊడ్చి, వరిగడ్డి పరిచి, దాని మీద గొంగడి వేశావు. సీట్లు వేయించరాదా అని అడిగాను. "ఎవల్ని ఎప్పుడు పండవెట్టుకొని పోవాల్నో ఏం తెల్సక్కా" అన్నావు. ఊళ్లో ఎందరో నాగర్‌కర్నూలు దవాఖానకు అట్లాగే పోయారు. చివరికి నిన్నూ అట్లాగే తీసుకుపోయాం.

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ నీ కొడుకు శీను వెల్డింగు అతన్ని పిలిపించాడు. వెనక రెండు పక్కలా పొడుగు సీట్లు బిగిస్తే, పత్తి ఏరే కూలీలను తెలకపల్లి దిక్కు తోలుకుపోయి ఇల్లు నడపొచ్చని వాడి ఆలోచన. నీ భార్య లక్ష్మి పోయి జీపు వెనక కూర్చుంది.

"దిగమ్మా, వెల్డింగాయన పని ఆపి నిలబడ్డడు" అన్నాడు శీను.

"రేపు ఎవరికన్న పానం మీదికొస్తే ఒళ్లె కూసోవెట్టుకొని పోతవారా?"

"మరి బండికి దండేసి దండం పెట్టుకుంట కూసుందమా? అత్తా, నువ్వన్న చెప్పు."

నేను దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడ్డాను. లక్ష్మి దిగలేదు. వెల్డింగు అతను సామాను సర్దుకొని వెళ్లిపోయాడు.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. పక్కకు మడిచేస్తే మనిషి పడుకునేంత జాగా మిగిలే సీట్లు వేయించాలని అనుకున్నాం.

"కూలోళ్లు ఎక్కినంక పిలుపొస్తే?" అని లక్ష్మి అడిగింది.



"వాళ్లను దించి పోత" అన్నాడు శీను.

అదే ఖాయం చేసుకున్నాం.

అక్క